కుడివైపు అద్దం

కోర్పివారా
13 సెప్టెంబర్ 1993

తమ్ముడు తర్మోకి, అక్క హిల్కా కోపంగా రాసేది.

నువ్వు రేసులు మానేస్తున్నావన్న కబురు నాకు రేడియో చెప్పింది. లైబ్రరీ బస్సుని సరస్సు ఒడ్డున ఎల్నా అవ్వ గేటు ముందు ఆపుకుని ఉన్నాను. అవ్వ లోపల ప్రేమకథల అర ముందు నిలబడి, చదివినవి ఏవో చదవనివి ఏవో తేల్చుకుంటోంది. వార్తల్లో నీ పేరు రాగానే సౌండు పెంచాను, మళ్ళీ గెలిచావేమో అనుకుని. "రెండుసార్లు ప్రపంచ విజేత తర్మో వెసాలా ఈ ఏడాది చివర్లో గ్రాండ్ ప్రీ పోటీల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు" అన్నాడు. ఆ వెంటనే వాతావరణం చెప్పాడు.

అవ్వ కళ్ళజోడు పైకి తోసుకుని, "మీ తమ్ముడు పని మానేశాడటగా, ఇంకోటేదైనా దొరికిందా?" అంది.

నేనేం చెప్పాలిరా? "తెలుసవ్వా, ముందే చెప్పాడు" అని అబద్ధమాడాను. సొంత అక్కకి ఒక ముక్క రాయడానికి నీకు చేతులు రాలేదు. ఫోన్ చేయమని అనను. ఫోన్లో మనిద్దరం ఒకరి ఊపిరి ఒకరం వింటూ కూర్చుంటాం తప్ప మాట్లాడుకునేది లేదు. ఉత్తరం రాయొచ్చుగా!

పేపర్లో రాశారు, ఆ ఇటలీ కుర్రాడు రెనాటో నిన్ను గెంటేశాడని. జట్టు యజమాని వాణ్ణే ముద్దు చేస్తున్నాడటగా. నిజమేనా? నిజమైతే చెప్పు, ఊరుకోను.

పంచాయతీ ఆఫీసులో అప్పుడే చర్చ మొదలైంది. ఊరి మొదట్లో 'ప్రపంచ విజేత తర్మో వెసాలా సొంత ఊరు' అని బోర్డుంది గదా, దాని మీద 'మాజీ' అని చేర్చాలా వద్దా అని. నన్నడిగారు. మాజీ అయితే పెళ్ళాం అవుతుంది గాని విజేత ఎలా అవుతాడ్రా అని తిట్టి పంపాను.

ఇక్కడ ఆకులు ఎర్రబడ్డాయి. అడవిలో ఎర్రటి లింగన్ పళ్ళు ఈసారి విరగ్గాశాయి. మొన్న బస్సు కుడివైపు అద్దం కరెంటు స్తంభానికి తగిలి ఊడిపోయింది. ఆ స్తంభాన్ని ఎవరో రోడ్డు మీదికి జరిపినట్టున్నారు.

జవాబు రాయి. రేడియోకి కాదు, నాకు.

హిల్కా

~

మొనాకో
22 సెప్టెంబర్ 1993

అక్కా,

ముందే చెప్పాల్సింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. విలేఖరులకి చెప్పడం తేలిక, వాళ్ళు ప్రశ్నలు వేస్తారు.

రెనాటో నన్ను గెంటలేదు. మంచి కుర్రాడు, మలుపుల్లో కూడా బ్రేకు మీద కాలు పెట్టడు, అంతే వాడి లోపం. వచ్చే ఏడాదికి కూడా సంతకం పెట్టమని యజమాని నా వెంట పడ్డాడు. నేనే పెట్టలేదు.

జులైలో జర్మనీలో గెలిచాను, నువ్వు టీవీలో చూశానని రాశావు. గీత దాటగానే చెవిలో జట్టంతా కేకలు. ఒకడు ఏడుస్తున్నాడు. నేను మాత్రం ఇంట్లో పాలు ఉన్నాయా లేవా అని ఆలోచిస్తున్నాను. మెట్టెక్కి కప్పు ఎత్తాను, షాంపేన్ చిమ్మాను. అన్నీ మామూలుగా చేశాను. ఎవరూ కనిపెట్టలేదు. టీవీలో నువ్వూ కనిపెట్టలేదు.

అప్పటినుంచీ అంతే. ఇదివరకు కారు నడుం కింద నుంచి మాట్లాడేది, ఏ చక్రం జారబోతోందో నాకంటే ముందు నా ఒంటికి తెలిసేది. ఇప్పుడు స్టీరింగ్ పట్టుకుంటే ఏమీ తెలియట్లేదు. అంతా మొద్దుబారిపోయింది. వేగం మాత్రం తగ్గలేదు, పోయినేడాదికంటే జోరుగానే తిరుగుతున్నాను. అదే వింతగా ఉంది.

తర్వాత ఏం చేస్తావని అందరూ అడుగుతున్నారు. ఒక టీవీ వాళ్ళు వ్యాఖ్యానం చెప్పమన్నారు. ఒక గడియారాల కంపెనీ నన్ను చేతికి గడియారం పెట్టుకుని ఊరికే నిలబడమంది. ఇంకా ఏదీ అనుకోలేదు.

ఇక్కడ ఇంకా ఎండలే. పేపరు వాళ్ళతో గొడవ పెట్టుకోకు.

తర్మో

~

కోర్పివారా
3 అక్టోబర్ 1993

ఒరేయ్ తర్మో,

నీ ఉత్తరం చదివాక ఆ రోజంతా నాకు కాఫీ కూడా సయించలేదు. చేతులు మొద్దుబారిపోయాయని ఇంత తాపీగా రాస్తావా! ఆరోగ్య కేంద్రం నర్సుని అడిగాను. నరాలు కావచ్చు, మెడ కావచ్చు, రక్తం తక్కువ కావచ్చు, వెంటనే చూపించాలి అంది. నువ్వు తినేదేముంది అక్కడ, గడ్డీ ఆకులూ, నత్తలూనూ. లింగన్ పళ్ళు ఎండబెట్టి ఒక డబ్బా పంపుతున్నాను. రై రొట్టె కూడా పెట్టాను, గట్టిగా ఉంటే సూపులో ముంచుకో.

పై గది ఖాళీ చేశాను. పాత కుట్టుమిషనూ, పడేయబోయే పుస్తకాల అట్టపెట్టెలూ కిందికి దించేశాను. కిటికీకి కొత్త తెర కుట్టాను. మంచం నీ పొడవుకి చాలదేమో, కాళ్ళ దగ్గర బల్ల వేద్దాం. ఆవిరి స్నానానికి సౌనా గదిలో పొయ్యి కూడా బాగు చేయించాను. చేతులకి ఆ వేడే మందు.

పేపరు వాళ్ళ సంగతి. నువ్వు గొడవ వద్దన్నావు గనక గొడవ పెట్టుకోలేదు. మర్యాదగా ఒక ఉత్తరం రాశాను, అంతే. 'మా తమ్ముణ్ణి ఎవరూ గెంటలేదు. వాడి చేతులు మొద్దుబారుతున్నాయి. అలా ఉండి కూడా గెలిచాడు. ముందు అది రాయండి' అని. నిన్న అచ్చేశారు, పెట్టె కట్టి మరీ. లైబ్రరీ పెద్ద సీర్కా ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించింది. ఊరంతా నీ చేతుల గురించి అడుగుతోంది.

ఇప్పుడే మంచు మొదలైంది. వెనక దారిలో పోస్టు డబ్బాలు వరసగా ఉంటాయి చూడు, కొయ్య మీద. బస్సు వాటిని రాసుకుని మూడిటిని పడేసింది. వాటి వాళ్ళందరూ నా పాఠకులే గనక నవ్వి ఊరుకున్నారు. మేకులు నేనే కొట్టాను.

తొందరగా డాక్టరుకి చూపించుకుని వచ్చెయ్.

హిల్కా

~

మొనాకో
18 అక్టోబర్ 1993

అక్కా,

డబ్బా అందింది.

నీ ఉత్తరాన్ని ఇక్కడి పేపర్లన్నీ ఎత్తి రాశాయి. ఇటలీలో మొదటి పేజీలో వేశారు, నా చేతుల ఫోటోతో. జట్టు యజమాని పొద్దున్నే ఫోన్ చేసి, చేతుల్లో స్పర్శ లేనివాడితో ఏడాదంతా కారు నడిపించానా అని అరిచాడు. మిలాన్లో ఆసుపత్రికి తీసుకెళ్ళి వేళ్ళకి తీగలు కట్టి సూదులతో పొడిచారు. రెండు రోజులు. చేతులు భేషుగ్గా ఉన్నాయని కాగితం ఇచ్చారు. అది చూపిస్తేగాని ఆఖరి పోటీలకి రానివ్వలేదు.

అక్కా, మొద్దుబారింది చేతులు కాదు.

దీనికి నీ మీద కోపం రావాలి. తెచ్చుకుందామని కూర్చున్నాను కూడా. నువ్వు పేపరు వాళ్ళకి రాయడం, సీర్కా దాన్ని గోడకి అంటించడం, అన్నీ తలుచుకున్నాను. రాలేదు. నేను చెప్పింది అదే.

మన దేశం కుర్రాడొకడు పోయిన నెల స్పెయిన్లో ప్రాక్టీసులో గోడకి కొట్టుకుని రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళమ్మ నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. నేను ఆవిడ వీపు నిమురుతూ గోడ మీది గడియారం కేసి చూస్తున్నాను. ఇలాంటివాడు కారు నడపకూడదు. భయం లేనివాడు ధైర్యవంతుడని ఇక్కడ అనుకుంటారు. భయం లేకపోతే తోడు లేనట్టు. ఎప్పుడాగాలో చెప్పేది ఎవరు?

పై గది నాకోసం ఉంచొద్దు. ఎవరికైనా అద్దెకివ్వు. నేను ఎక్కడుంటానో నాకే తెలియదు.

తర్మో

~

కోర్పివారా
4 నవంబర్ 1993

తర్మోకి,

సరే. గదిలోకి మళ్ళీ పుస్తకాల పెట్టెలు ఎక్కించాను. తెర తియ్యలేదు, తీస్తే చలి వస్తుంది.

నా ఇంట్లో ఉండమని నిన్ను బతిమాలానని అనుకోకు. చేతులు బాగాలేవనుకున్నాను, అంతే. బాగానే ఉన్నాయి గనక నీ ఇష్టం. గడియారం పెట్టుకుని నిలబడు.

పేపరు విషయంలో తప్పయింది. సీర్కాని అడిగి గోడ మీది ముక్క తీయించాను. గుర్తుగా నాలుగు మూలలా జిగురు మరకలున్నాయి.

రోడ్డు గడ్డకట్టింది. మంగళవారం ఒక వింత జరిగింది. ఎల్నా అవ్వ మంచు మీద జారే తన తోపుడు బండి, స్లెడ్జి మీద పుస్తకాల సంచీ పెట్టుకుని రోడ్డు వారగా వస్తోందట. నేను ఆవిడ గేటు దగ్గర ఆపబోతున్నాను. చుట్టుపక్కల పురుగు లేదు. టప్పుమని చప్పుడైంది. దిగి చూస్తే స్లెడ్జి గుంటలో, అవ్వ మంచు గుట్టలో కూర్చుని ఉంది. ఎక్కడినుంచి ఊడిపడిందో తల్లి! ఏమీ కాలేదు, లావుపాటి కోటు కాపాడింది. లేస్తూనే, "హిల్కా, పుస్తకం గడువు దాటలేదు, ఎందుకే చంపుతావు?" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ముసలివాళ్ళు స్లెడ్జిని తూనీగలా తోలతారు, మనమేం చేస్తాం.

ఆస్ట్రేలియాలో ఆఖరి పోటీ అటగా. ఇక్కడ తెల్లవారుజామున చూపిస్తారు. చూస్తానో లేదో.

హిల్కా

~

అడిలైడ్
12 నవంబర్ 1993

అక్కా,

నీ ఉత్తరం ఇక్కడి హోటలుకి పంపించారు. పోటీ అయిపోయాక చదివాను.

పోటీ సంగతి ముందు చెప్పేస్తాను. సగంలో ఇంజను ఆగిపోయింది. కారు గడ్డిలో వదిలేసి నడుచుకుంటూ వచ్చాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చెయ్యి ఊపాను. హెల్మెట్ తీస్తే బాగుంటుందని ఎవరో అన్నారు, తీశాను. అయిపోయింది.

ఇప్పుడు నీ సంగతి. సెప్టెంబరులో కుడివైపు అద్దం. అక్టోబరులో పోస్టు డబ్బాలు, అవీ కుడివైపే, ఆ దారి నాకు తెలుసు. ఇప్పుడు అవ్వ. గేటు కుడివైపు. రోడ్డు తిన్నగా ఉంది, బస్సు ఆగబోతోంది, నడక వేగంలో ఉంది, జారడానికి లేదు. అవ్వ ఎక్కడినుంచీ ఊడిపడలేదు. నీ పక్కనే చాలాసేపటినుంచి వస్తూ ఉంది. నువ్వు చూడలేదు.

మా జట్టు డాక్టరుని అడిగాను. పేరు చెప్పలేదు. కంటి నరం దెబ్బతింటే చూపు అంచులనుంచి తినేసుకుంటూ వస్తుందట. ఎదురుగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి, చదవగలరు, రాయగలరు, అందుకే మనిషికి తెలియదట. నీటికాసులు అంటారట. మన నాన్నకీ చివర్లో తలుపు కమ్మీలు తగులుతూ ఉండేవి, గుర్తుందా? తాగాడని నవ్వేవాళ్ళం.

తాళం చెవులు సీర్కాకి ఇచ్చెయ్. రేపే. కంటి డాక్టరుకి చూపించుకునేదాకా బస్సెక్కకు.

తర్మో

~

కోర్పివారా
24 నవంబర్ 1993

తర్మో,

ప్రపంచానికి అవతలి కొసలో కూర్చుని నా కళ్ళకి జబ్బు కట్టబెట్టావు. బాగుంది. నీ చేతులకి నేను కట్టబెట్టాననా? లెక్క సరిపోయింది, ఇక ఆపు.

నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఈ ఉత్తరం కళ్ళజోడు లేకుండా రాస్తున్నాను. ఈ బస్సుని ఇరవై ఏళ్ళుగా తోలుతున్నాను. నువ్వు తోలే కారుకి ఎదురు కారు రాదు, ఆవు రాదు, దుప్పి రాదు, తాగుబోతు రాడు. నాకు అన్నీ వస్తాయి.

నీకు ఏమీ అనిపించక వదిలేశావు. నాకు ప్రతిరోజూ అనిపిస్తుందిరా. పొద్దున్నే తాళం తిప్పి, చలికి మూలిగే ఆ ఇంజను పట్టుకుందంటే నాకు ఊపిరి వస్తుంది. ఒక్కో గేటు దగ్గర ఒక్కో మనిషి పళ్ళికిలిస్తూ నిలబడి ఉంటారు. ఆ ఇళ్ళలో కొన్నిట్లో వారమంతటికీ వెళ్ళే మనిషిని నేనొక్కదాన్నే. నువ్వు వదిలేస్తే రెనాటో ఉన్నాడు. నేను వదిలేస్తే ఎవరున్నారు? నీకు ఇష్టం పోయిందని నా చేతిలోది కూడా లాగేసుకుంటావా?

ఇవ్వను.

హిల్కా

~

మొనాకో
3 డిసెంబర్ 1993

అక్కా,

నిన్న సీర్కాకి ఫోన్ చేసి మూడు సంగతులూ చెప్పాను. ఆవిడ స్లెడ్జి గురించి వినలేదట.

ఇక నువ్వు నాతో మాట్లాడవని తెలుసు. తెలిసే చేశాను. తర్వాతి మంగళవారం కూడా అవ్వని ఆ కోటే కాపాడుతుందని నేను చెప్పలేను.

తర్మో

~

క్వోపియో, పెద్దాసుపత్రి
19 జనవరి 1994

తర్మోకి,

నీకు రాయకూడదనే అనుకున్నాను. క్రిస్మస్ కార్డు కూడా అందుకే పంపలేదు. కానీ ఇక్కడ గదిలో పక్క మంచం ఆవిడ పగలంతా తన ఆవుల గురించే చెప్తోంది. రాస్తూ ఉంటే కాస్త నోరు మూస్తుంది.

సీర్కా వచ్చి నా వంటింట్లో కూర్చుని, కాఫీ తాగి, బల్ల మీద చెయ్యి చాపింది. తాళాలు ఆ చేతిలో పెట్టాను. అప్పుడు ఏడ్చింది అది. నేను కాదు.

ఇక్కడ ఒక గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించారు. చిన్న చిన్న దీపం చుక్కలు వెలుగుతాయి, కనిపించినప్పుడల్లా బొత్తం నొక్కమన్నారు. బొత్తం పట్టుకుని కూర్చున్నాను. ఎంతకీ మొదలుపెట్టరే. కాసేపాగి, "అమ్మాయ్, ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాను. ఆ పిల్ల నెమ్మదిగా, "మొదలై చాలాసేపైందండీ" అంది.

నువ్వు చెప్పిన జబ్బే. కుడికన్ను దాదాపు పోయింది, ఎడమదాని అంచులు పోయాయి. ఆపరేషన్ చేసి మిగిలింది నిలబెడతామన్నారు. పోయింది రాదు. బస్సు ఇక లేదు.

అవ్వని చంపేసేదాన్ని తర్మో. నవ్వుతూ చంపేసేదాన్ని. పగలంతా ఆ ఒక్కటే తిరుగుతోంది బుర్రలో.

నీకు థాంక్స్ చెప్పడానికి ఇంకా మనసొప్పట్లేదు. తర్వాత చూద్దాం.

బస్సు గరాజులో ఉంది. ఆ అడవి దారుల్లో తిరిగే డ్రైవరు దొరకట్లేదని, ఎండాకాలం దాకా దొరక్కపోతే ఈ సర్వీసు ఎత్తేస్తామని పంచాయతీ వాళ్ళన్నారట. ఊరికే చెప్తున్నాను. నిన్ను అడగట్లేదు. నీ గడియారం ఎలా ఉంది?

హిల్కా

~

కోర్పివారా
6 మార్చి 1994

అక్కా,

ఆపరేషన్ బాగా జరిగిందని సీర్కా చెప్పింది. ఇంకో వారంలో పంపిస్తారట.

నీ పై గదిలో ఉంటున్నాను. చెప్పకుండా వచ్చాను, పక్కింటివాళ్ళ దగ్గర తాళం తీసుకున్నాను. పుస్తకాల పెట్టెలు కిందికి దించలేదు, వాటి మధ్యే పడుకుంటున్నాను. మంచం నిజంగానే చాలదు.

ఎందుకొచ్చానో అడగకు. నీ ఉత్తరం వచ్చాక టీవీ వాళ్ళకి వద్దని చెప్పాను. ఏదో గొప్పగా అనిపించి కాదు. టీవీ, నీ బస్సు, ఈ రెండిట్లో బస్సే చేయాల్సిన పనిలా కనిపించింది.

బస్సు తోలాలంటే నా లైసెన్సు చాలదట, పెద్ద బండి పరీక్షలో నడిపి చూపించాలట. చూపించాను. మొదటిసారి తప్పాను. నవ్వకు. ఆగు బోర్డు దగ్గర పూర్తిగా ఆగలేదట. నా లెక్కలో ఆగినట్టే. పరీక్షాధికారి చెమటలు తుడుచుకుంటూ, "వెసాలా గారూ, మా అబ్బాయికి మీరంటే ప్రాణం, కానీ చక్రం తిరుగుతూనే ఉందండీ" అన్నాడు. తర్వాతి వారం ఆగాను. అద్దాలు కూడా చూశాను, మెడ తిప్పి మరీ. ఇచ్చేశాడు.

నిన్న మొదటి రోజు. సీర్కా రాలేకపోయింది, ఒక్కణ్ణే వెళ్ళాను. గేట్ల దగ్గర జనం నిలబడ్డారు గాని నన్ను చూడ్డానికి కాదు, హిల్కా ఎప్పుడొస్తుంది అని అడగడానికి. ఒకాయన దుప్పి వేట పుస్తకం అడిగాడు, నేను వంటల పుస్తకం ఇచ్చాను. తిరిగివ్వలేదు, చదువుతానన్నాడు.

ఎల్నా అవ్వ బస్సులోనే ఎక్కి కూర్చుంది, ఆరోగ్య కేంద్రం దగ్గర దింపమంది. ఎక్కించుకోకూడదని రూలట. నువ్వు ఎప్పుడూ ఎక్కించుకుంటావంది. నా పక్క సీట్లో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. కొండ దిగేటప్పుడు, సరస్సు వైపు దారి వాలే చోట, పగటి ఎండకి మంచు మీద నీళ్ళు నిలిచాయి. వెనక చక్రాలు పట్టు వదిలాయి. మెల్లగా వెళ్తున్నాను అక్కా, మనిషి పరిగెత్తేంత వేగం, అంతే. బస్సు అడ్డంగా తిరగడం మొదలుపెట్టింది. అవ్వ చెయ్యి చాపి నా మోచెయ్యి పట్టుకుంది.

బండిని సరిచేశాను, అది చేతులకి అలవాటే. కింద చదును మీద ఆపాను. ఆపాక మొదలైంది. నోరు ఎండిపోయింది. తలుపు తెరిచి మెట్టు మీద కూర్చున్నాను. లేవలేకపోయాను. భయమేసింది. ఎంత భయమంటే, ఆవిడ చెయ్యి పడిన చోట ఇంకా బరువుగా ఉంది.

అవ్వ వెనకనుంచి వంగి చూసి, "ఛాంపియన్ అన్నారు నిన్ను!" అంది. తర్వాత, "కూర్చో నాయనా, కూర్చో. డాక్టరు ఎక్కడికీ పోడు" అంటూ సంచిలోంచి ఫ్లాస్కు తీసి మూతలో కాఫీ పోసింది. ఒలికింది, పట్టుకోలేకపోయాను. చాలాసేపటికి ఏడుస్తున్నానని తెలిసింది. ఎందుకో తెలియదు. ఆపాలనీ అనిపించలేదు.

అరల్లోని పుస్తకాలన్నీ నేల మీద పడిపోయాయి. అవ్వని దింపి వచ్చి, గరాజులో కూర్చుని అన్నీ ఎత్తి పెట్టాను. ఏది ఎక్కడుండాలో నాకేం తెలుసు. ప్రేమకథల పక్కన ట్రాక్టరు మరమ్మత్తులు ఉన్నాయి. కవిత్వం అంతా అడుగున ఉంది.

మంగళవారం మళ్ళీ బయల్దేరాలి. నా పక్క సీటు ఖాళీ. నువ్వొచ్చి ఆ పుస్తకాలు సర్దు.

తర్మో